మెత్తని గ్రిప్పులు వెనక్కి తీసుకుంటున్నాను, సైకిలు ఒకసారి షాపుకి తీసుకురండి

నమస్కారం. డిసెంబరు నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా పర్లాకిమిడిలో మా షాపులో సైకిలు హ్యాండిల్‌కి మెత్తని జెల్ గ్రిప్పులు వేయించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నలుపు మీద బూడిదరంగు చార ఉంటుంది, బొటనవేలితో నొక్కితే స్పాంజిలా లోపలికి దిగుతుంది, జత 170 రూపాయలు. అవే. 60 జతలు కొన్నాను, 52 అమ్మాను. ఆ 52 జతలూ వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. బిల్లు కూడా అడగను, ఎవరెవరికి వేశానో నాకు గుర్తుంది.

అసలు ఏం జరిగిందో చెప్తాను. సగం సగం విని షాపు గురించి వేరేలా మాట్లాడుకుంటున్నారని నాకు తెలిసింది. అది తెలిసిన రోజు అన్నం సయించలేదు.

మార్చి రెండో వారంలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. రోజూ పొద్దున్నే పాతపట్నం దాకా తొక్కుకుంటూ వెళ్లి వస్తారు. అరచెయ్యి తెరిచి చూపించారు, మసి పూసినట్టు నల్లగా ఉంది. పంచె అంచుకి కూడా అంటింది. "ఇదేంటయ్యా, ఎంత కడిగినా పోవడం లేదు" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "తలకి కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో పట్టుకుంటే ఏ రబ్బరైనా అంతే మాస్టారూ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మాస్టారూ, ఆ మాట తప్పు. మీ ఇంటికి వచ్చి కూడా చెప్పాను, ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెప్తున్నాను.

తర్వాత మూడు వారాల్లో ఇంకో తొమ్మిది మంది వచ్చారు, అందరిదీ అదే మాట. గ్రిప్పు బంక బంకగా అయిపోతోంది, దుమ్మంతా అంటుకుంటోంది, చెయ్యి నల్లబడుతోంది. అప్పుడు నేనే పరీక్ష పెట్టాను. అమ్మకుండా మిగిలిన వాటిలో ఒక జత షాపు రేకుల మీద ఎండలో పెట్టాను, ఒక జత డ్రాయర్లో పెట్టాను. పక్కన మా నాన్నగారి కాలం నాటి గట్టి నల్ల రబ్బరు గ్రిప్పు ఒకటి, అదీ రేకు మీదే. ఆరో రోజుకి జెల్ గ్రిప్పు వేలికి అంటుకుని సాగింది. డ్రాయర్లోది బాగానే ఉంది. పాత రబ్బరు గ్రిప్పుకి ఏమీ కాలేదు.

మెత్తగా రావాలని ఆ రబ్బరులో, ప్లాస్టిక్‌లో నూనె లాంటి పదార్థం కలుపుతారు. సరైన పాళ్లలో, సరైన సరుకు కలిపితే ఏళ్ల తరబడి ఉంటుంది. చౌక సరుకు వేస్తే వేడికి, ఎండకి, చెమటకి అది మెల్లగా పైకి ఊరుతుంది. బంక అదే. దాంతో పాటు నల్ల రంగూ వస్తుంది. మన ఏప్రిల్ ఎండలో బజారులో నిలబెట్టిన సైకిలు హ్యాండిల్ ఎంత కాలుతుందో మీకు తెలుసు.

సరుకు ఇచ్చిన హోల్‌సేలర్‌తో పదకొండేళ్ల పరిచయం. పేరు చెప్పను, గొడవ నాకూ ఆయనకీ మధ్యే. తిత్లీ తుపానుకి, 2018 అక్టోబరులో, షాపు రేకులు లేచిపోయి ట్యూబులన్నీ నీళ్లలో నానినప్పుడు ఆయనకి ఇవ్వాల్సిన బాకీ ఒక్క నెల కూడా ఆపలేదు నేను. అందుకే ఫోన్ చేసేటప్పుడు కనీసం "అయ్యో" అంటారనుకున్నాను. "మీ వైపు ఎండలు ఎక్కువ, మేమేం చేస్తాం" అన్నారు. ఎండ మా ఊరికే కాస్తుందా? ఈ సరుకు ఎండ ఉన్న దేశంలో అమ్మడానికే కదా చేశారు? రెండోసారి చేస్తే "వేరే ఎవరూ కంప్లైంట్ చేయలేదు" అన్నారు. మూడోసారి ఫోటోలు పంపాను, వీడియో పంపాను, రేకు మీద గ్రిప్పు, డ్రాయర్లో గ్రిప్పు పక్కపక్కన పెట్టి. చూశారని రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. నాలుగోసారి ఆయన కొడుకు ఎత్తాడు. "అమ్మనివి 8 జతలు ఉన్నాయి కదా అంకుల్, వాటి డబ్బు బిల్లులో తగ్గిస్తాం" అన్నాడు. జత 110 చొప్పున 880 రూపాయలు. అమ్మిన 52 జతల సంగతేంటి బాబూ అంటే, "అవి వాడేశారు కదా" అన్నాడు.

ఆ 880 నాకు వద్దన్నాను. ఎనిమిది జతలూ పార్సిల్ చేసి సొంత ఖర్చుతో వెనక్కి పంపించాను. మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది, వచ్చేది ఎందుకు వదులుకున్నావని. తీసుకుంటే లెక్క తీరిపోయినట్టు అవుతుంది. తీరలేదు. ఇక ఆయన దగ్గర ఒక్క వాల్వు ట్యూబు ముక్క కూడా కొనను. లూథియానా సరుకు తెచ్చే వేరే డీలరు దగ్గర ఇప్పుడు తెప్పిస్తున్నాను. రెండు రోజులు ఆలస్యం అవుతుంది, ఓపిక పట్టండి.

ఇక్కడి దాకా అంతా ఆయన తప్పు. ఇప్పుడు నా తప్పు.

మే మొదటి వారంలో ఒక సాయంత్రం కాలవైశాఖి గాలివాన పడింది, గుర్తుందా. ఆ వానలో పల్లెలకి ఉత్తరాలు ఇచ్చే తమ్ముడు ఒకతను గుమ్మ వైపు నుంచి దిగుతున్నాడు. దిగుడులో ఎడమ గ్రిప్పు హ్యాండిల్ మీద గిర్రున తిరిగింది. చెయ్యి జారి బ్రేకు లివర్ అందలేదు. పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, మణికట్టు బెణికి పన్నెండు రోజులు కట్టు కట్టుకుని తిరిగాడు. వెనక లారీ ఏదీ లేదు కాబట్టి సరిపోయింది.

అది కూడా సరుకు తప్పే అని మొదట అన్నాను, అందరితో అన్నాను. కానీ ఆ గ్రిప్పు కోసి లోపల చూస్తే తెల్లగా సబ్బు పొర ఉంది. గ్రిప్పు ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాయడం నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. అప్పటి గట్టి రబ్బరు హ్యాండిల్‌ని గట్టిగా పట్టేది, ఆరాక కదిలేది కాదు. ఈ మెత్తనిది సాగుతుంది, వదులవుతుంది. లోపల ఎండిన సబ్బు వాన తగలగానే మళ్లీ నురగ అవుతుంది, తిరుగుతుంది. ఇంత చిన్న విషయం ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉండి నాకు తట్టలేదు. ఆ తమ్ముడి మందుల ఖర్చు నేనే ఇచ్చాను, వద్దంటే అతని అమ్మగారి చేతికి ఇచ్చి వచ్చాను.

ఇక నుంచి మా షాపులో గ్రిప్పుకి సబ్బు నీళ్లు రాయం. హ్యాండిల్ మీద పాత జిడ్డు, తుప్పు గీకి, గుడ్డతో తుడిచి, స్పిరిట్ రాసి ఎక్కిస్తాం. స్పిరిట్ ఆవిరై పోతుంది, లోపల ఏమీ మిగలదు. ఇంట్లో మీరే వేసుకుంటే కూడా అలాగే చెయ్యండి. నూనె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. స్పిరిట్ రాసిన గ్రిప్పుని రాత్రంతా వదిలేసి మర్నాడు తొక్కండి.

తర్వాత నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఒకటుంది. వెనక్కి తీసుకున్నాక బదులుగా ఏం వెయ్యాలి?

ఒకటి, 170 చేతిలో పెట్టి పంపించడం. కానీ ఆ డబ్బుతో మీరు సంతలో మళ్లీ ఇలాంటిదే కొంటారు, నాకు తెలుసు. రెండు, మంచి కంపెనీ జెల్ గ్రిప్పులు. ఉన్నాయి, బాగానే ఉంటాయి, కానీ ధర మూడింతలు. పైగా వాటిని చూస్తే నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు. మూడు, మెత్తనివి పూర్తిగా మానేయడం. మూడోదే ఎంచుకున్నాను. ఇందులో నాకు నష్టం ఉంది, మెత్తనిది అడిగేవాళ్లే ఎక్కువ. మా అబ్బాయి "అడిగింది ఇవ్వకపోతే వాళ్లు వేరే షాపుకి పోతారు నాన్నా" అన్నాడు. పోతే పోనీ. చెయ్యి హాయిగా ఉండటానికి కావాల్సింది వేరే ఉందని చెప్పి, వేసి చూపించి పంపిస్తాను.

వేలితో నొక్కితే బాగుంటుంది కాబట్టి చేతికీ బాగుంటుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. గంట తొక్కాక చూడండి. మరీ మెత్తనిది చెయ్యి కింద నలిగిపోతుంది, పట్టు కోసం మనకి తెలియకుండానే వేళ్లు ఇంకా గట్టిగా బిగిస్తాం. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి కింది అంచున, చిటికెన వేలి వైపు ఉన్న నరం నొక్కుకుంటోందని. దానికి గ్రిప్పు బయటి చివర చిన్న రెక్కలా వెడల్పుగా ఉన్నది వేస్తే బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే మణికట్టు ఎక్కువ వంగుతోందని అర్థం, బ్రేకు లివర్ కోణం మార్చాలి. చెయ్యి వెనక్కి విరగకుండా మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండేలా లివర్ తిప్పుతాం. రెండు నిమిషాల పని, డబ్బు తీసుకోం.

చాలామందికి తప్పు చేతిలో ఉండదు, సీటులో ఉంటుంది. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకి జారుతూ ఉంటుంది, ఆ బరువంతా చేతులే మోస్తాయి. అలాంటి సైకిలుకి ఎంత ఖరీదు గ్రిప్పు వేసినా తిమ్మిరి తగ్గదు. ముందు సీటు సరిచేసి, వారం తొక్కి, అప్పుడు గ్రిప్పు మాట్లాడదాం.

లావు కూడా చూసుకోవాలి. మామూలు హ్యాండిల్ పైపు 22.2 మిల్లీమీటర్లు, గ్రిప్పు వేశాక మొత్తం 30 నుంచి 34 దాకా వస్తుంది. పట్టుకున్నప్పుడు గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటే సన్నం ఎక్కువైనట్టు, వేళ్లు చుట్టూ రాకపోతే లావు ఎక్కువైనట్టు. చిన్న చేతులున్న ఆడపిల్లలకి, బడి పిల్లలకి లావు గ్రిప్పు వేసి "మెత్తగా ఉంది కదమ్మా" అని పంపించాను నేను. వాళ్లని తప్పకుండా తీసుకురండి.

బదులుగా ఏమిస్తున్నానంటే, అందరికీ గట్టి రబ్బరు గ్రిప్పు ఉచితం, గీతలు చెక్కినది, చెమటకి జారదు. ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాళ్లకి, మహేంద్రగిరి వైపు, ఆర్.ఉదయగిరి వైపు వెళ్లేవాళ్లకి, స్క్రూ రింగుతో బిగించే లాక్ గ్రిప్పు వేసుకోమంటాను. 420 రూపాయలది, మీరు ఇచ్చిన 170 తీసేసి 250 ఇవ్వండి. సన్న అలెన్ కీతో బిగిస్తాం, తిరగమన్నా తిరగదు. మీరు ఇంట్లో మళ్లీ బిగించేటప్పుడు బలం పెట్టకండి, అల్యూమినియం రింగు, మర పోతుంది. రాడ్ బ్రేకు ఉన్న పాత సైకిళ్లలో కొన్నింటికి ఆ రింగుకి చోటు చాలదు. అట్లాస్ సైకిళ్లు చేసే సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయాక ఆ సైకిళ్ల అసలు గ్రిప్పు దొరకడం కష్టమైంది, వాటికి గట్టి రబ్బరే సరైనది.

వంపు హ్యాండిల్ రేసు సైకిళ్లున్న కాలేజీ కుర్రాళ్లు ముగ్గురు అడిగారు, హ్యాండిల్‌కి చుట్టే టేపు కూడా ఆ సరుకేనా అని. కాదు, టేపు వేరే చోటిది, భయం లేదు. కార్క్ కలిపిన టేపే వేస్తాను, మందం 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. కింది చివర నుంచి మొదలుపెట్టి, లోపలి నుంచి బయటికి సాగదీస్తూ, సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా పైకి చుట్టాలి. పైనుంచి కిందికి చుడితే చెయ్యి నొక్కినప్పుడల్లా అంచులు మడత పడి లేస్తాయి. మీలో ఒకరు యూట్యూబ్ చూసి పైనుంచే చుట్టుకున్నారు, తీసుకురా నాయనా, విప్పి మళ్లీ చుడతాను. చెమట దిగి టేపు కింద అల్యూమినియం పొక్కులు పొక్కులుగా తినేస్తుంది, ఏడాదికోసారి విప్పి చూడాలి.

జూన్ నెలాఖరు దాకా ఆదివారాలు కూడా షాపు తెరిచే ఉంటుంది. పొద్దున్న ఎనిమిది నుంచి పది లోపు వస్తే అక్కడికక్కడే మార్చి ఇస్తాను. కాశీనగర్ వైపు నుంచి వచ్చే పాలవాళ్లు మీ వేళకే రండి, ఆరింటికే తలుపు తీస్తాను. దయచేసి పాత గ్రిప్పు మీరు కోసి పారేయకండి, అలాగే తీసుకురండి. కౌంటరు పక్కన గోనెసంచి ఒకటి కట్టి పెట్టాను. ఇప్పటికి 19 జతలు పడ్డాయి. 52 నిండాక ఆ సంచి నేనే మోసుకెళ్లి ఆ హోల్‌సేలర్ కౌంటరు మీద పెట్టి వస్తాను.