ఐసుతో చేసినా అది చరసే

సంపాదకులు గారికి,

నేను అనకాపల్లిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈమధ్య ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "సార్, ఐసు నీళ్లతో ఇంట్లోనే హషీష్ తీస్తారట. కెమికల్స్ వాడరు కదా, అదీ నేరమేనా?"

నేరమే. గంజాయి కంటే పెద్ద నేరం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మొక్క పూతను గంజాయి అంటుంది. దాని నుంచి వేరుచేసిన జిగురు ఏ రూపంలో ఉన్నా చరస్ కిందే లెక్క; హషీష్ అన్నా అదే. ఐసుతో తీశారా, చేత్తో నలిపారా అన్నది చట్టం చూడదు. తక్కువ శిక్ష పడే 'చిన్న పరిమాణం' హద్దు గంజాయికి కిలో అయితే, చరస్‌కు 100 గ్రాములే. భారీ శిక్ష పడే 'వాణిజ్య పరిమాణం' గీత గంజాయికి 20 కిలోలు, చరస్‌కు ఒక్క కిలో. ఆ గీత దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. బెయిల్ దొరకడమే గగనం.

మత్తంతా ఆ జిగురులోనే ఉంటుంది. నీళ్లతో చేసింది కాబట్టి మత్తు తక్కువగా ఉంటుందనుకోవడం పొరపాటు.

మా కాలేజీలో ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతాయి గానీ ఈ లెక్కలు ఎవరూ చెప్పరు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ సంగతీ చెప్పరు. చిన్న పరిమాణం కేసులో చిక్కుకున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. భయంతో దాచిపెట్టే తల్లిదండ్రులకు ఇది తెలియాలి. దయచేసి మీ పత్రికలో ఈ వివరాలను, మత్తు నుంచి బయటపడేందుకు సాయం చేసే 14446 హెల్ప్‌లైన్ నంబరును తరచుగా ప్రచురించండి.

— ఒక అధ్యాపకుడు, అనకాపల్లి