షాపు కంప్యూటర్లో ఉన్నవన్నీ మనవి కావు నాయనా

నాయనా,

షాపుకొచ్చేవాళ్ల నంబర్లు ఇవ్వమన్నావు, ఆలోచించి చెప్తాలే అని ఫోన్ పెట్టేశాను కదా, ఆలోచించాను, కుదరదు. మీ నాన్న "వాడు ఇంజనీరింగ్ చదివేవాడు, వాడికి తెలీదా" అంటున్నాడు గానీ, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ కౌంటర్ వెనక కూర్చునేది నేను. ఫోన్లో చెప్తే మాట మాటకీ అడ్డం పడతావు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. మొత్తం చదివాక తిట్టుకో.

నీ ఐడియా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. దర్శనం టికెట్ ప్రింటుకో ఆధార్ జెరాక్సుకో మన షాపు వాట్సాప్‌కి పీడీఎఫ్ పంపినవాళ్ల నంబర్లన్నీ ఒక ఎక్సెల్‌లో పెట్టి ఇస్తే, మీరు వాళ్లకు కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు బంగారు గుడి అంటూ టాక్సీ మెసేజ్‌లు పెడతారు. గుంటూరు నుంచి ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరు డెబ్భై దాటిన పెద్దవాళ్లు, రేపు మధ్యాహ్నం దర్శనం, ఎల్లుండి ఖాళీ. ఇదంతా ఆ ఒక్క కాగితం మీదే కనపడుతుంది, సరిగ్గా ఆ టైముకి మెసేజ్ పడితే బేరం తగలకుండా పోదు. అంత విలువైనది కాబట్టే ఇవ్వనంటున్నా.

"కంప్యూటర్ మనది, వాళ్లంతట వాళ్లే ఇచ్చారు" అన్నావు. ఇచ్చారు, దేనికి? ప్రింటు తీయమని. గాజులు మెరుగు పెట్టమని ఇస్తే కంసాలి వాటిని తాకట్టు పెట్టుకుంటాడా?

కోర్టు టైపింగ్ కోసం మన షాపుకొచ్చే వకీలు గారిని అడిగాను, నీ పేరు చెప్పలేదులే. ఐటీ చట్టంలో 72ఏ అని ఒక సెక్షన్ ఉందట. ఒప్పుకున్న పని చేసిపెట్టే క్రమంలో చేతికొచ్చిన ఒకరి వ్యక్తిగత వివరాలు, వాళ్ల అనుమతి లేకుండా, అక్రమ లాభం కోసమో వాళ్లకు నష్టం చేయడానికో బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. మన విషయం దాని కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టులో వాదించుకోవాల్సిందే అన్నాడాయన. రెండువందల రూపాయల టాక్సీ కమీషన్ కోసం అక్కడిదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

"అందరూ చేస్తున్నారు, ఇంకా గట్టి చట్టమే లేదు" అని కూడా అన్నావు చూడు, నాకు కోపం వచ్చింది ఆ మాటకే. ఐటీ చట్టం 2000 అక్టోబరులో వచ్చింది, అప్పుడు మన ఊళ్లో ఇంటర్నెట్ అంటే గంటకింత అని కూర్చునేవాళ్లు. ప్రైవసీ మనిషి ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పింది 2017 ఆగస్టులో, అది పుట్టస్వామి గారి కేసు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. పెద్ద తప్పులకు 250 కోట్ల దాకా జరిమానా రాశారు గానీ, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి నియమాలు వచ్చిన రోజు నుంచి 18 నెలల గడువిచ్చారు. మరి ఇన్నేళ్లూ జనాల ఆధార్‌లు అమ్ముకోవడం తప్పు కాదా? చట్టం వెనకాల నడుస్తూ వస్తుంది, దానికి ఓపిక ఎక్కువ. అది ఒక్కోసారి తప్పు దారి కూడా పడుతుంది, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకే జనాన్ని జైల్లో వేసిన అదే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టే కొట్టేసింది. కాబట్టి చట్టం చూసుకుని బతకమని నేను చెప్పట్లేదు, మన కౌంటర్ ముందు నిలబడ్డ మనిషిని చూడమంటున్నా.

ఆ మనిషి ఎలా ఉంటుందో నీకు తెలీదు, సెలవుల్లో వచ్చినా నువ్వు షాపులో నిలబడ్డది తక్కువ. అలిపిరి మెట్లెక్కడానికి రాత్రంతా బస్సులో వచ్చి, ఫోన్ అన్‌లాక్ చేసి నా చేతిలో పెట్టేస్తారు. "ఏదో నంబర్ వస్తుందంటమ్మా, నువ్వే చూసుకో" అంటారు. ఆ ఫోన్లో బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి, మనవరాలి ఫోటోలు ఉంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేనే వాళ్లకు చెప్పి, మళ్లీ నేనే ఓటీపీ కొట్టి పని చేసిపెట్టాలి, ఇదొక తమాషా. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసిస్తానంటే, పూర్తి నంబర్ లేకపోతే రూమివ్వరేమో అని భయపడతారు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు జెరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది, రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. పెద్దవాళ్లే అటూ ఇటూ అయితే, పల్లె నుంచి వచ్చిన ముసలామెకు ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో ఎలా తెలుస్తుంది?

ఆ ప్రకటనలో ఒక మాట మాత్రం మనలాంటి షాపుల కోసమే రాసినట్టుంది, నెట్ సెంటర్లో ఆధార్ డౌన్‌లోడ్ చేస్తే ఆ కాపీలన్నీ పూర్తిగా చెరిపేయండి అని. నేను షటర్ వేసేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేస్తా, రీసైకిల్ బిన్ కూడా, తర్వాత వాట్సాప్‌లో ఆ రోజు వచ్చిన ఫైళ్లు. "ఇంత చాదస్తమా" అంటాడు మీ నాన్న. చెడిపోయిన జెరాక్సులు నాలుగు ముక్కలు చేసిగానీ బుట్టలో వేయను, ఎందుకంటే ఒకసారి బస్టాండు దగ్గర బొరుగులు కొంటే పొట్లం మీద ఎవరిదో ఆధార్ ఉంది, ఫోటోతో సహా. అలాంటి కాపీ పట్టుకుని సిమ్ తీసుకునేవాళ్లు ఉన్నారు. నీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ సైట్లో చూసుకో, ఊరికే అంటున్నాననుకోకు, ఇవాళే చూడు.

ఇంకోటి, మీ రూమ్మేట్ ఎవరో బ్యాంకు అకౌంటు వాడుకోనిస్తే నెలకింత ఇస్తారన్నాడని నవ్వుతూ చెప్పావు. అది నవ్వే విషయం కాదు. మోసం డబ్బు ఆ అకౌంటులో పడితే పోలీసులు ముందు వచ్చేది అకౌంటు ఎవరి పేరు మీదుందో వాడి దగ్గరికే. వాడికి చెప్పు, ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈరోజే బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా చెప్పమను, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయమను.

మీ టాక్సీ సంగతికొస్తే, ఒక చిన్న కార్డు తయారు చెయ్. క్యూఆర్ కోడ్ పెట్టు, తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగింటిలో రాయి. కావాల్సినవాళ్లే స్కాన్ చేసుకుని వాళ్ల నంబర్ వాళ్లే ఇస్తారు. పేరు, ఫోన్, ఎక్కడికి వెళ్లాలి, ఇవి చాలు, వయసూ ఆధారూ అడగొద్దు, ట్రిప్ అయిపోయాక ఉంచుకోవద్దు. అలాగైతే కౌంటర్ మీద నేనే అతికిస్తా, అడిగినవాళ్లకు నేనే చూపిస్తా. కలర్ ప్రింట్లు మాత్రం బయట తీయించుకో, మన మిషన్ టోనర్ ధర నీకు తెలుసు కదా.

అమ్మ