కారులో మ్యాపా, ఫోనులో మ్యాపా? ఓస్లో నుంచి అన్నకు ఉత్తరం

ఓస్లో,
ఆదివారం

అన్నా,

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని వదిన చెప్పింది, మనసు కుదుటపడింది. చలి అప్పుడే మొదలైంది. పొద్దున కారు అద్దం మీద మంచు గీకాకే బయల్దేరుతున్నాం.

మొన్న వీడియో కాల్‌లో నువ్వు అడిగిన సంగతి పిల్లల గోలలో కొట్టుకుపోయింది. షోరూమ్ వాడు పై వేరియంట్ తీసుకోమంటున్నాడు, నావిగేషన్ కారులోనే వస్తుందంటున్నాడు, కిందిదానికీ దానికీ చాలా తేడా అంటున్నాడు, ఏం చేయమంటావు అన్నావు. అదే నోటితో కార్తీకంలో అమ్మను శ్రీశైలం తీసుకెళ్లాలనీ అన్నావు. ఆ రెండూ కలిపి ఆలోచిస్తేనే సరైన జవాబు వస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇది అమ్మకు కూడా చదివి వినిపించు, ఆమెకూ ఇందులో ఒక పని ఉంది.

ముందే చెప్పేస్తా. పెట్రోలు కారైతే ఆ మ్యాప్ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ఆండ్రాయిడ్ ఆటో ఉంటే నీ ఫోనులోని మ్యాపే కారు స్క్రీన్ మీద పెద్దగా కనిపిస్తుంది. దానికోసం పై వేరియంట్ దాకా పోనక్కర్లేదు. వదిన పట్టుబడుతున్నట్టు ఎలక్ట్రిక్ కారు కొంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు కారులోని నావిగేషన్ ఎలా పనిచేస్తుందో నడిపి చూడకుండా అడ్వాన్స్ కట్టకు.

ఎలక్ట్రిక్ కారు మాటెందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, ఇక్కడ మేం నడిపేది అదే. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లు పదింటిలో దాదాపు తొమ్మిది కరెంటువే. పోయిన చలికాలం ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లాం. మధ్యలో హర్డంగర్‌విద్ద అని ఒక పీఠభూమి దాటాలి. రోడ్డు 1,200 మీటర్ల ఎత్తుకు పోతుంది, చెట్టన్నది ఉండదు, గాలి కారును పక్కకు తోస్తుంది. చలికి బ్యాటరీ మామూలు రోజుల్లో ఇచ్చినంత దూరం ఇవ్వదు. బయల్దేరేటప్పుడే కారు చెప్పింది, పైకెక్కే ముందు యైలో అనే ఊళ్లో ఆగి చార్జ్ చేసుకోమని. ముందున్న ఎక్కుడు ఎంతో, బ్యాటరీ ఎంత చల్లగా ఉందో, అప్పటిదాకా ఎంత ఖర్చయిందో అన్నీ దానికి తెలుసు. యైలో దగ్గరపడుతుండగా చార్జింగ్ తొందరగా ఎక్కాలని బ్యాటరీని అదే వేడి చేసుకోవడం మొదలుపెట్టింది. మా ఆయన ఫోనులో కూడా మ్యాప్ పెట్టుకు కూర్చున్నాడు. అదీ ఆ రోడ్డే చూపించింది, ఇంచుమించు ఆ టైమే చెప్పింది, కానీ బండిలో ఎంత ఉందో దానికేం తెలుసు?

ఆ ప్రయాణంలోనే ఇంకో విడ్డూరం చూశాం. పీఠభూమి దిగాక ఫియోర్డ్ మీద, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మీద, హర్డంగర్ వంతెన వస్తుంది. 2013లో తెరిచారు, రెండు స్తంభాల మధ్య దూరమే 1,310 మీటర్లు. కొండ సొరంగంలోంచి నేరుగా వంతెన మీదికి వస్తాం, వంతెన దిగగానే మళ్లీ కొండలోకి పోతాం. ఆ కొండ లోపల రౌండబౌట్ ఉంటుంది అన్నా! రాయిని తొలిచి, నీలం దీపాలు పెట్టి, అందులోంచి దారులు చీల్చారు. మా ఆయన ఫోనులో బాణం వంతెన చివరే ఆగిపోయింది. కారు స్క్రీన్ మీద బాణం మాత్రం మాతోపాటే గుండ్రంగా తిరిగి సరైన దారిలోకి మళ్లింది. ఉపగ్రహాల సంకేతం రాయిలోంచి రాదు కదా, అక్కడ ఇద్దరూ గుడ్డివాళ్లే. కాకపోతే కారు తన చక్రాలు ఎన్ని తిరిగాయో, తను ఎటు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది. కరెంటు పోయినప్పుడు అమ్మ చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చినట్టు. జేబులోని ఫోనుకు చక్రాల సంగతి తెలియదు, ఊహించాల్సిందే.

అంటే కారుకు తన సంగతి బాగా తెలుసు. ఫోనుకు రోడ్డు సంగతి బాగా తెలుసు. ఎవరికి ఏది కావాలన్నది ఊరిని బట్టి ఉంటుంది.

మరి మీరుండే బెంగళూరుకు ఏది కావాలి? రామమూర్తినగర్ నుంచి హెబ్బాల్ చేరడానికి పొద్దున ఆరింటికి పట్టే టైమ్ వేరు, తొమ్మిదింటికి పట్టే టైమ్ వేరు. రింగ్ రోడ్డు మీద వేల ఫోన్లు ఒక్కసారిగా నెమ్మదిస్తే మ్యాప్‌లో ఆ ముక్క ఎర్రగా మారుతుంది. గూగుల్ మ్యాప్స్ గొప్పతనమంతా అక్కడుంది, ముందున్న వాళ్ల ఫోన్లే దానికి కళ్లు. నెట్ లేని కారు మ్యాప్‌కు నాగవార దగ్గర నీళ్లు నిలిచాయని ఎవరు చెప్తారు? అది నిన్ను నిబ్బరంగా అందులోకే తీసుకెళ్తుంది.

పెదనాన్న వాళ్ల పాత కారు గుర్తుందా? మెమరీ కార్డులో మ్యాప్ ఇచ్చారు. కొన్నాళ్లకు అప్‌డేట్ కావాలంటే వాళ్లు చెప్పిన ధర విని పెదనాన్న దండం పెట్టి వచ్చేశాడు. ఏ కంపెనీయో పేరెందుకులే. హోసకోటె నుంచి బేతమంగళ దాకా 2024 చివర్లో తెరిచిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ కారులో పోతే, పొలాల్లోంచి పోతున్నట్టు చూపిస్తుందట.

అందుకే షోరూమ్ వాడు ‘ఇన్‌బిల్ట్ నావిగేషన్’ అనగానే తలూపకు. కార్డులో ఉండే మ్యాపా, సిమ్‌తో నెట్ ఉండే మ్యాపా అడుగు. సిమ్ అయితే ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత ఏడాదికి ఎంత అని కాగితం మీద రాయించుకో. ఇంకో సంగతి. మన దేశంలో చాలా కార్లలో వచ్చేది మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపే. వాళ్ల మ్యాపుల్స్ యాప్ ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. ఉచితంగా వచ్చేదానికి స్క్రీన్ కలిపి లక్షల్లో అమ్ముతున్నారా అని వాడినే అడుగు, ఏమంటాడో చూద్దాం. మ్యాప్ విలువ కార్ల కంపెనీలకు తెలియక కాదు. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ ముగ్గురూ కలిసి నోకియా దగ్గర ‘హియర్’ అనే మ్యాపుల వ్యాపారాన్ని కొన్నారు. కానీ ఆ విలువలో మన వాటా ఎంతో మనమే చూసుకోవాలి.

ఫోనుకూ మన ఊళ్లో ఒక బలహీనత ఉంది. ఫ్లైఓవర్లు. పైన రోడ్డు, కింద రోడ్డు, పై నుంచి చూస్తే రెండూ ఒకే గీత. ఎలక్ట్రానిక్ సిటీ వైపు 2010లో వేసిన దాదాపు పది కిలోమీటర్ల ఎలివేటెడ్ రోడ్డు ఉంది చూడు, దాని మీద ఉన్నామో కింద ఉన్నామో తెలియక ఫోను తికమకపడుతుంది. సిల్క్ బోర్డు దగ్గరైతే ఇప్పుడు కింద రోడ్డు, పైన ఫ్లైఓవర్, ఆపైన మెట్రో! ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అని ముందే చెప్పేలా గూగుల్ 2024లో మన దేశంలో మార్పు తెచ్చింది, కాస్త నయం. సందుల్లోకి కారును తోయకుండా ఇరుకు రోడ్లను తప్పించడం కూడా అప్పుడే బెంగళూరుతో సహా కొన్ని ఊళ్లలో మొదలుపెట్టారు. అయినా హెబ్బాల్ దగ్గర ఎయిర్‌పోర్ట్ రోడ్డుకు ఎక్కేటప్పుడు మాత్రం స్క్రీన్ చూడొద్దు, బోర్డు చూడు. అక్కడ ఒక్కసారి దారి తప్పితే వెనక్కి రావడానికి ఎంత దూరం పోవాలో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక శ్రీశైలం. దేవనహళ్లి, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్ మీదుగా కర్నూలు దాకా హైవే 44, అక్కడ ఏ మ్యాప్ ఉన్నా లేకున్నా ఒకటే. కర్నూలు దాటాక నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఆత్మకూరు తర్వాత నల్లమల. మైళ్ల తరబడి సిగ్నల్ ఉండదు. ఫోను అక్కడ పనికిరాదని నీ స్నేహితుడెవరో అన్నాడన్నావు. అది సగమే నిజం. జీపీఎస్‌కు సిమ్‌తో పనిలేదు, ఉపగ్రహాల సంకేతం అడవిలోనూ ఉచితంగా అందుతుంది. లేనిది మ్యాప్ బొమ్మ. అది ఇంట్లో వైఫై మీద ముందే డౌన్‌లోడ్ చేసుకో. కర్నూలు, నంద్యాల, శ్రీశైలం మొత్తం కలిసేలా పెద్ద చతురస్రం పెట్టి దించుకో. ట్రాఫిక్ తెలియదు గానీ, దారి తప్పినా మళ్లీ దారి కలుపుతుంది. వదిన ఫోనులో కూడా దించి ఉంచు, ఒకటి వేడెక్కినా ఇంకొకటి ఉంటుంది. ఫోనును అద్దం కింద ఎండలో పెట్టొద్దు, ఏసీ గాలి తగిలేచోట పెట్టు. అంత దూరానికి ఆండ్రాయిడ్ ఆటో వైర్‌తోనే నయం. వైర్‌లెస్ అయితే ఫోను బాగా వేడెక్కుతుంది, చార్జింగూ దిగిపోతుంది.

ఆత్మకూరు అని టైప్ చేసేటప్పుడు జిల్లా చూసి నొక్కు. అనంతపురం జిల్లాలో ఒకటుంది, నెల్లూరు జిల్లాలో ఒకటుంది, తెలంగాణలో ఇంకొకటుంది. మనది నంద్యాల జిల్లాది. అనంతపురం దాటకముందే ‘ఆత్మకూరు వచ్చేసింది’ అంటే అమ్మ సంబరపడి బ్యాగులు సర్దేస్తుంది!

అనంతపురంలో ఫోను నిన్ను తాడిపత్రి, బనగానపల్లె, నంద్యాల మీదుగా కూడా రమ్మనవచ్చు. కిలోమీటర్లు చూసి ఆశపడకు, ఊళ్లు ఎక్కువ, బండల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. అమ్మ మహానంది కూడా చూడాలంటే మాత్రం ఆ దారే సరి. రాత్రికి నంద్యాలలో ఆగి పొద్దున్నే ఆత్మకూరు మీదుగా పోవచ్చు.

ఎందుకు ఆగమంటున్నానంటే, ఏ మ్యాపూ సరిగ్గా లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. పులుల అడవి కాబట్టి దోర్నాల దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. కర్ణాటకలో బండీపూర్ అడవి దగ్గర వేసినట్టే. ఫోను ‘రాత్రి 10.40కి చేరతారు’ అని ధీమాగా చెప్తుంది, నువ్వు ఎనిమిది గంటలు గేటు ముందు కూర్చుంటావు. ఇక్కడా అంతే. హర్డంగర్‌విద్ద మీద మంచు తుఫాను వస్తే గేటు వేసేస్తారు, తెరిచాక మంచు తోసే బండి వెనక కార్లన్నీ వరసగా పోవాలి. మ్యాప్ ఏమన్నా సరే, రోడ్ల శాఖ ఏమందో చూసుకున్నాకే ఇక్కడివాళ్లు కదులుతారు.

అమ్మ పని ఇదీ. కర్నూలు దాటాక ఆగిన ప్రతి టీ కొట్టు దగ్గరా గేటు గురించి, ముందు రోడ్డు గురించి అడగాలి. నువ్వు అడిగితే ‘పోతుంది పోతుంది’ అని తోలేస్తారు. అమ్మ అడిగితే కుర్చీ వేసి చెప్తారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర మ్యాప్ చూసుకుంటూ పోయిన కారు, సగం తెగిన వంతెన మీద నుంచి నదిలో పడి ముగ్గురు పోయారు, పేపర్లో చదివే ఉంటావు. చీకట్లో తెలియని రోడ్డు మీద మ్యాప్ మాట ఒక్కటే నమ్మొద్దని అందుకే అంటున్నా.

ఇంకొక్కటి. నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోకు. దారి చూసుకోవడానికి ఫోను వాడొచ్చని 2020లో మార్చిన మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది గానీ, ధ్యాస చెదరకుండా అని కూడా అందులోనే ఉంది. అడ్రస్ మార్చాలంటే వదినకివ్వు. చిన్నోడికి మాత్రం ఇవ్వొద్దు, వాడు యూట్యూబ్ తెరుస్తాడు.

వదిన ఎలక్ట్రిక్ కారే అని గట్టిగా ఉంటే, టెస్ట్ డ్రైవ్‌లో కారు నావిగేషన్‌లో శ్రీశైలం పెట్టించు. ఎక్కడెక్కడ చార్జింగ్‌కు ఆగమంటుందో, చేరేసరికి బ్యాటరీ ఎంత మిగులుతుందంటుందో ఫొటో తీసి పంపు. ముఖ్యంగా కర్నూలు తర్వాత ఏం చెప్తుందో చూడాలి. అది చెప్పిన చార్జర్లు నిజంగా పనిచేస్తున్నాయో లేదో అక్కడికి ఫోన్ చేసి కనుక్కో. కారు ఏదీ చెప్పలేక నీళ్లు నమిలితే వదినకు నేను సర్దిచెప్తాను.

పెట్రోలుదే అయితే ఒక్క పరీక్ష చాలు. మైక్ నొక్కి ‘ఆత్మకూరు’ అని అమ్మ చేత చెప్పించు. ఏ జిల్లాకు తీసుకెళ్తానంటుందో నాకు మెసేజ్ పెట్టు.

అమ్మకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు