మెడ మీది నలుపు మట్టి కాదు

సంపాదకులకు,

పరగడుపు షుగర్ 96 వస్తే ‘నార్మల్’ అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తాం. ఆ 96 నిలబెట్టడానికి క్లోమం ఎంత ఇన్సులిన్ పోసిందో అందులో ఉండదు. అదే రక్తంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 18 మైక్రో యూనిట్లు ఉందనుకోండి. రెండూ గుణించి 405తో భాగిస్తే (దీన్నే హోమా-ఐఆర్ లెక్క అంటారు) 4.3 దాకా వస్తుంది. 2.5 దాటితేనే ఇన్సులిన్ నిరోధకత, అంటే ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగా వినకపోవడం, ఉందేమోనని చూస్తారు.

అసలు తంటా చాలామందిలో కాలేయంలో చేరిన కొవ్వుతోనే. అలాంటి కాలేయం ఇన్సులిన్ మాట వినదు, రాత్రంతా గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. క్లోమం ఇంకా పోస్తుంది. ఏళ్ల తరబడి పోసి అలిసిపోయాక గానీ షుగర్ అంకె పైకి లేవదు.

మెడ వెనక నల్లగా, మందంగా మారిన చర్మాన్ని పీచుతో రుద్దితే లాభం లేదు. చాలాసార్లు అది ఇన్సులిన్ ఎక్కువైన గుర్తే. దర్జీ టేపుతో నడుమూ కొలవండి, పొట్ట లోపలికి పీల్చకుండా (అందరూ చేసేది అదే). మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

పరీక్షకు వెళ్లేముందు ఇరానీ చాయ్ తాగితే లెక్క తప్పుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు ల్యాబులో ముందే చెప్పాలి. ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారికి ఈ లెక్క పనికిరాదు.

భోంచేశాక పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఆగకుండానే గ్లూకోజు లాక్కుంటుంది.

– ఇద్దరు ల్యాబ్ నిపుణులు, హైదరాబాద్