నెట్ పోతోందని కాదు, మీరు పలకట్లేదని ఈ లెటర్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

కడప ఎర్రముక్కపల్లె నుంచి రాస్తున్నాను. నా కనెక్షన్ నంబరు, మీరు మూసేసిన కంప్లయింట్ టికెట్ల నంబర్లు సబ్జెక్టులోనే పెట్టాను, చూసుకోండి.

మా అమ్మాయి లాప్‌టాప్‌లో వైఫై ఉండి ఉండి పోతోంది. గీతలు ఫుల్లుగా ఉంటాయి, మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఆ గీతలు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది. సమస్య ఇంతే. నెట్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, కరెంటు పోదా, సర్దుకుంటాం. నాకు ఒళ్లు మండుతున్నది అందుకు కాదు.

మీ నంబరుకు ఫోన్ చేస్తే పాట. పాట మధ్యలో ఒకావిడ వచ్చి మీ కాల్ మాకు ఎంతో విలువైనది అంటుంది. అంత విలువైనదైతే ఎత్తొచ్చు కదా! ఎట్లో ఒకట్ల మనిషి దొరికితే, ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదట్నుంచీ రామాయణం. "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." ఇప్పుడే చేశానమ్మా అంటే వినదు, మళ్లీ చేసేదాకా లైన్లోనే ఉంటుంది. ఇంకొకాయనైతే నేను పూర్తిగా చెప్పకముందే "అది లాప్‌టాప్ ప్రాబ్లం సార్, షాపులో చూపించుకోండి" అని పెట్టేశాడు.

సరే అని ఏడు రోడ్ల దగ్గర షాపుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ఫోన్ హాట్‌స్పాట్‌కు పెట్టి చూశాడు, శుభ్రంగా ఆడింది. ఇంటికెళ్లి రౌటర్ నుంచి నేరుగా లాన్ కేబుల్ గుచ్చి చూడమన్నాడు. గుచ్చితే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పోలేదు. అంటే లాప్‌టాప్ బాగుంది, మీ లైనూ బాగుంది, తిరకాసంతా మీ రౌటర్ వైఫై దగ్గరే. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకే ఛానెల్ మీద పడితే ఇట్లే అవుతుందట, ఒకదాన్నొకటి తగలకుండా ఉండేవి అందులో 1, 6, 11 మూడేనట, ఛానెల్ మార్చమనండి, లేదంటే 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి లాప్‌టాప్‌ను దానికి కలపమనండి అని పైసా తీసుకోకుండా చెప్పాడు. మార్చుకుందామంటే సెట్టింగుల పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకున్నారాయె.

ఇక మీ టెక్నీషియన్ వచ్చిన వైభోగం చెప్తాను. గేటు బయటే ఆగాడు, బండి దిగలేదు, హెల్మెట్ కూడా తీయలేదు. "ఓటీపీ వచ్చింటాది, చెప్పన్నా, సాయంత్రం వచ్చి చూస్తా" అన్నాడు. ఎండలో తిరిగే పిల్లోడు కదా అని చెప్పాను. బండి వీధి మలుపు తిరగకముందే ఫోన్ టింగుమంది: మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి. ఆ సాయంత్రం ఇంకా కాలేదు. తర్వాతి టికెట్‌ను కస్టమర్ ఇంట్లో లేరని మూసేశారు. ఆ పూట లీవు పెట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను సార్ నేను! ఆ పిల్లోడి మీద నాకు కోపం లేదు, ఎన్ని టికెట్లు మూశావని మాత్రమే అడిగేవాళ్లు పైన ఉంటే వాడైనా ఏం చేస్తాడు.

ఆఫీసుకు వెళ్తే యాప్‌లో పెట్టమంటారు. యాప్‌లో మనిషితో మాట్లాడాలి అని కొడితే కొత్త ప్లాన్లు చూపిస్తుంది. పైపుకు చిల్లు పడిందయ్యా అంటే పెద్ద ట్యాంకు కొనుక్కోమన్నట్టుంది మీ యవ్వారం.

2020లో లాక్‌డౌన్ అప్పుడు తీసుకున్న కనెక్షన్ ఇది. ఒక్క బిల్లు లేటు చేయలేదు. మా బావమరిదికి, ఎదురింటి మాస్టారుకు నేనే దగ్గరుండి పెట్టించాను, ఇప్పుడు వాళ్ల ఇళ్లలో నెట్ పోయినా నాకే ఫోన్లు, మీకంటే నేనే ఎక్కువ కంప్లయింట్లు తీసుకుంటున్నాను. డబ్బులు కట్టాల్సిన తేదీ మాత్రం మీరు ఎప్పుడూ మర్చిపోరు, గడువుకు ముందే మెసేజ్, ఆ విషయంలో మీ సర్వీసుకు వంక పెట్టను.

టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2012 నిబంధనల్లో అప్పిలేట్ అథారిటీ అని ఒకటుంది, మీ కంప్లయింట్ సెంటర్ తేల్చనిదాన్ని వినే మీ కంపెనీ పైమెట్టు, అప్పీలు చేస్తే 39 రోజుల్లో తేల్చాలి, పైసా ఫీజు లేదు. వినియోగదారుల కోసం 1915 హెల్ప్‌లైన్ ఉంది. కడపలోనే వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కట్టక్కర్లేదు, లాయరును పెట్టుకోకుండా నేనే వాదించుకోవచ్చు. పరిష్కరించబడింది అని మీరు పంపిన మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను, మీకు నాకంటే బాగా అవే సాక్ష్యం చెప్తాయి.

వాడని నెలల డబ్బులు వెనక్కిస్తారో, బిల్లులో తగ్గిస్తారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఎవరో ఒకరు పేరు చెప్పి ఫోన్ చేయండి, మళ్లీ చేస్తే ఆ మనిషే పలకాలి. వారం చూస్తాను.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ కస్టమర్

తా.క.: ఆదివారం ఇంట్లోనే ఉంటాను. వచ్చేవాళ్లను బండి దిగి లోపలికి రమ్మనండి, లాప్‌టాప్ చూశాకే ఓటీపీ చెప్తాను.