సుధకు: తాత్కాలిక ప్రభుత్వాలు, ఓటర్ల జాబితాలు

తిరుపతి

చి. సుధకు నాయన దీవెనలు.

బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం 2024 ఆగస్టు 8న వచ్చి ఎన్నికల్ని 2026 ఫిబ్రవరి 12 దాకా ఎందుకు లాగింది, నేపాల్‌ది 2025 సెప్టెంబరు 12న ప్రమాణం చేసి ఆరు నెలల్లోపే, మార్చి 5కే, తేదీ ఎట్లా పెట్టిందని అడిగినావు. మీ డెస్కులో దీన్ని బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వాన్ని నడిపిన యూనస్ మేలా, నేపాల్‌లో నడిపిన సుశీలా కర్కి మేలా అనే లెక్కన చూస్తున్నారంటివి. ఎవరి నెత్తిన ఎంత పని పెట్టినారో చూడమ్మా. కర్కికి అప్పజెప్పింది ముఖ్యంగా ఒక్కటే: సభ రద్దయింది, ఎన్నికలు జరిపి దిగిపో. యూనస్ సంస్కరణలు ముందన్నారు. కమిషన్లు వేసి, పార్టీలతో కూర్చోని జులై చార్టర్ అనే సంస్కరణల ఒప్పందం రాయించి, దానిమీద రెఫరెండం, అంటే జనం ఔనో కాదో చెప్పే ఓటు, కూడా పోలింగ్ రోజే పెట్టినారు. పని పెరిగేకొద్దీ తేదీ జరుగుతుంది. తేదీ జరిగేకొద్దీ గద్దె దిగరేమోనని వీధుల్లో అనుమానం పెరుగుతుంది.

అట్లని ఆలస్యమంతా సాకేమీ కాదు. నిజంగా టైము తినేది ఓటర్ల జాబితా. అదే బంగ్లాదేశ్‌లో 2007 జనవరి 22న జరగాల్సిన ఎన్నికలు అల్లర్లతో ఆగి, 11నే ఎమర్జెన్సీ వచ్చింది. అప్పటి రాజ్యాంగం ప్రకారం ఎన్నికలు జరపడానికి తాత్కాలిక ప్రభుత్వానికి గడువు 90 రోజులు. పోలింగ్ జరిగింది 2008 డిసెంబరు 29న! ఆ మధ్యలో సైన్యం సాయంతో ఊరూరా ల్యాప్‌టాప్, కెమెరా పెట్టి, ఫోటో, వేలిముద్ర తీసుకోని జాబితాను మొదటినుంచి రాసినారు. పాత జాబితాలో కోటికి పైగా అదనపు పేర్లుండె. అంత చెత్త పెట్టుకోని గడువులో జరిపింటే, ఓడినోడు ఫలితాన్ని ఒప్పుకునేవాడా? ఆ రెండేళ్ళలో ఇంకా దండిగా తప్పులు జరిగినాయి గానీ, ఈ పని మాత్రం దండగ కాలేదు.

నేపాల్‌లో చిక్కు ఇంకో రకం. ఎన్నికల తేదీ ప్రకటిస్తే కొత్త పేర్లు ఎక్కించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. తేదీ ఏమో ప్రభుత్వంతో పాటే ప్రకటించేసినారు. సెప్టెంబరులో వీధుల్లోకి వచ్చి పాత ప్రభుత్వాన్ని దింపిన పిల్లకాయలకే ఓటు లేకుండా పోయేట్టుంటే, ఆర్డినెన్సు తెచ్చి నమోదు మళ్ళీ తెరిచినారు. ఇట్లాంటిది మీ పేపర్లలో లోపలి పేజీలో రెండు లైన్లు పడుతుంది. నన్నడిగితే అదే అసలు వార్త.

తరవాతది బ్యాలెట్. వాళ్ళ ప్రతినిధుల సభలో 275 సీట్లు: 165 నేరుగా, 110 పార్టీలకు పడే ఓట్ల నిష్పత్తిలో. అందుకే ఓటరుకు రెండు కాగితాలు. పార్టీల కాగితం దేశమంతా ఒకటే కాబట్టి ముందే అచ్చేసుకోవచ్చు. అభ్యర్థుల కాగితం 165 రకాలు, ఉపసంహరణలు ముగిసేదాకా ప్రెస్సుకు పోదు. ఆ తరవాత మంచు కొండలెక్కాల. గుర్తు మీద వేసేది స్వస్తిక్ ముద్ర, మన పంచాయతీ ఎన్నికల్లో మాదిరే. సిరా ఆరకముందే మడిస్తే ఇంకో గుర్తు మీద అచ్చు దిగుతుంది. మన దగ్గర ముందు నిలువుగా, తరవాత అడ్డంగా మడవమనేది అందుకే. అప్పటికీ దిగితే, ముద్ర చేతులు ఏ పక్కకు తిరిగినాయో చూస్తే అసలేదో, అంటుకున్నదేదో తెలిసిపోతుంది. రెండు గుర్తుల మీద నిజంగానే వేసింటే మాత్రం చెల్లదు.

బందోబస్తు సంగతి నీకు తెలిసిందే. నేపాల్ సెప్టెంబరు అల్లర్లలో పోలీస్ స్టేషన్లు కాలినాయి, తుపాకులు పోయినాయి, జైళ్ళనుంచి వేలమంది పారిపోయినారు. పోయిన తుపాకుల్లో ఎన్ని తిరిగొచ్చినాయో చూస్తే, ఏ జిల్లాలో పోలింగ్ బూత్ నిలబడుతుందో నీకే అర్థమైపోతుంది.

బంగ్లాదేశ్‌లో నాకు భయం అనిపించేది జాబితా కూడా కాదు. 2025 మేలో, గద్దె దిగిన షేక్ హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యకలాపాలు నిషేధించి, రిజిస్ట్రేషన్ ఆపేసినారు. వాళ్ళ పడవ గుర్తు లేని బ్యాలెట్ అది. చట్టం ప్రకారం సరేననుకున్నా, అన్నేళ్ళు దేశాన్నేలిన పార్టీ వాళ్ళు ఆ ఫలితాన్ని తమదనుకోరు.

మన దేశంలో పద్ధతి వేరు. దిగిపోయే ప్రభుత్వమే ఆపద్ధర్మంగా ఉంటుంది, ఎన్నికలు మాత్రం ఎన్నికల సంఘం చేతిలో. అలిపిరి పేలుడు తరవాత 2003 నవంబరులో మన అసెంబ్లీ రద్దయితే, పోలింగ్ 2004 ఏప్రిల్లో. అన్నాళ్ళూ చంద్రబాబే ఆపద్ధర్మ ముఖ్యమంత్రి. 2018లో తెలంగాణ సభ రద్దయినప్పుడు సంఘం తేల్చి చెప్పింది: ముందుగా రద్దయితే షెడ్యూలు వచ్చేదాకా ఆగేది లేదు, రద్దయిన క్షణంనుంచే ఎన్నికల కోడ్ అమలు, కొత్త పథకాలు ప్రకటించకూడదు.

అన్నట్టు నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది. హైదరాబాదుకు మార్చుకోవాలంటే ఫారం 8 పెట్టు. పొరబాటున ఫారం 6 పెట్టేవు, అది కొత్త ఓటరుకు. పెడితే నీ పేరు రెండుచోట్ల నిలబడుతుంది, ఇక్కడిది తీసేయించడానికి మళ్ళీ ఫారం 7.

మీ నాయన