పరిగెత్తాలో, పక్కన కూర్చోవాలో ఎవరు చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

అక్టోబరు వచ్చిందంటే మీ పత్రికలో రొమ్ము క్యాన్సర్ మీద ఒక పేజీ వస్తుంది. బీచ్ రోడ్డులో గులాబీ రంగు టీషర్టులతో నడుస్తారు. గడ్డ తగిలితే దాచుకోవద్దు, ముందే గుర్తిస్తే నయమవుతుంది అంటారు. కాదనను. మా అప్ప, అంటే మా అక్క, దాచుకుంది. నేను లేడీస్ టైలర్ని. ఏటా సంక్రాంతికి అప్ప జాకెట్లు నేనే కుట్టేదాన్ని. ఆ ఏడాది కొలతలు ఇవ్వకుండా "పాత జాకెట్టు చూసి కుట్టేయవే" అంది. నాకు తట్టలేదు. అలా మీ పేజీ మా ఇంటికి ఆలస్యంగా చేరింది. ఇప్పుడు నేను అడిగేది ఇంకో పేజీ. ఆలస్యమైపోయిన ఇళ్ళలో ఆఖరి నెలలు ఎలా గడుస్తాయో చెప్పే పేజీ.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. నాలుగేళ్ళు బాగానే తిరిగింది. తర్వాత వెన్నులోకి, ఆపైన కాలేయంలోకి పాకింది. మన విశాఖలో ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటువి సరేసరి. మేము ఎక్కడ చూపించామో రాయను, ఒక ఆసుపత్రిని పట్టుకుని అనడం నా ఉద్దేశం కాదు. మొన్న శివరాత్రి వెళ్ళాక ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో చివర "బెస్ట్ సపోర్టివ్ కేర్" అని ఉంది. బావ అది చూసి "బెస్ట్ అని రాశారు కదా" అని ధైర్యం తెచ్చుకున్నాడు. ఇక జబ్బుకి మందు లేదు, బాధకే మందు అని దాని అర్థమట. వారం తర్వాత మా వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మ చదివి చెప్పింది.

ఆపరేషన్లో చంకలో బిళ్ళలు, అంటే లింఫు గ్రంథులు, తీసేసినప్పటి నుంచి అప్ప ఎడమ చెయ్యి వాచే ఉండేది. జాకెట్టు చేతి కుట్లు విప్పి, చంక కింద ముక్క వేసి మూడుసార్లు వదులు చేశాను. చివరికి హుక్కులు తీసేసి నాడాలు పెట్టాను, కట్టు మార్చడానికి వీలుగా. రొమ్ము తీసిన చోటే మళ్ళీ పుండు లేచింది మరి. దాని వాసన గురించి ఏ పత్రికలోనూ నేను చదవలేదు. ఇల్లంతా సాంబ్రాణి వేసేవాళ్ళం. ఎందుకు వేస్తున్నామో అప్పకి తెలిసిపోయింది, మనవడిని దగ్గరికి రానివ్వడం మానేసింది. మేము సిగ్గుపడి నర్సమ్మకి చెప్పలేదు. తెలిశాక ఆవిడ డాక్టర్ని అడిగి, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టింది. నాలుగైదు రోజుల్లో వాసన చాలా తగ్గింది. అంత చవక మాత్ర ఉండగా నెల రోజులు సాంబ్రాణి కాల్చాం.

నొప్పికి మార్ఫిన్ రాశారు. "అది మత్తుమందు, అలవాటైపోతుంది" అని తమ్ముడు గోల. రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషికి అలవాటు గొడవేమిటి? మహారాణిపేటలో ఆరు మందుల షాపులు తిరిగాను, లేదన్నారు. 2014లో చట్టం సవరించి సులువు చేశారు, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఇవ్వొచ్చు అని తర్వాత తెలిసింది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే నాలుగు గంటలకోసారి వేయాలన్నారు. ఫోన్లో అలారం పెట్టుకున్నాం. దానితో మలబద్ధకం వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇవ్వాలి. అది మాకెవరూ చెప్పలేదు.

ఉగాది వెళ్ళాక అప్పకి తెగ దాహం. వికారం, మాట తడబాటు, పగలంతా మగత. మార్ఫిన్ వల్లనుకున్నాం, ఎండ వల్లనుకున్నాం. మజ్జిగ, సబ్జా నీళ్ళు పడుతూ నాలుగు రోజులు కూర్చున్నాం. ఎముకల్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళకి అక్కడి కాల్షియం రక్తంలోకి దిగి ఇలా చేస్తుందట. రక్తపరీక్షలో అదే తేలింది. సెలైన్ ఎక్కించి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగో రోజుకి లేచి కూర్చుని "మామిడికాయ పప్పులో ఉప్పు వెయ్యలేదేంటే" అంది. అలాగే వెన్నులో జబ్బు ఉన్నప్పుడు కాళ్ళలో బలం పోయినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే కాళ్ళు మళ్ళీ రాకపోవచ్చు అని నర్సమ్మ చెప్పింది. మాకు ఆ కష్టం రాలేదు.

సింహాచలం గుడిలో చందనోత్సవం అయిన వారానికి తిండి మానేసింది. బావ చెంచాతో గంజి పోస్తే పొలమారింది. చూడొచ్చిన వాళ్ళంతా "సెలైనైనా పెట్టించకపోయారా" అనేవాళ్ళు. ఆ దశలో ఆకలి ఉండదు, ఎక్కించిన నీళ్ళు ఒంటికి పట్టక ఆయాసం పెరగొచ్చు, తడి దూదితో పెదాలు తడిపితే చాలు అని నాకు అన్నీ అయిపోయాక తెలిసింది. రోజంతా నిద్రే. అర్ధరాత్రి లేచి, ఎప్పుడో పోయిన మా అమ్మతో మాట్లాడేది. పాదాలు చల్లబడ్డాయి, మోకాళ్ళ దగ్గర నీలం మచ్చలు తేలాయి. ఆఖరి రాత్రి గొంతులో గురగుర. ఊపిరి పీల్చి ఆపేసేది, అయిపోయిందని మేము వంగి చూసేసరికి మళ్ళీ పీల్చేది. అది వినేవాళ్ళకి ఉన్నంత బాధ మగతలో ఉన్న మనిషికి ఉండదట. పక్కకి తిప్పి పడుకోబెడితే కాస్త తగ్గుతుందట.

మేము ఊపిరాడక కొట్టుకుంటోంది అనుకున్నాం. 108కి ఫోన్ చేశాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కిందికి దింపాం. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటకముందే పోయింది. కాల్షియం పెరిగినప్పుడు పరిగెత్తాల్సింది, కూర్చున్నాం. ఆ రాత్రి చెయ్యి పట్టుకుని కూర్చోవాల్సింది, పరిగెత్తాం. సింహాచలం కొండ కనిపించేలా కిటికీ పక్కన మంచం వేయించుకుంది అప్ప. "ఇక్కడి నుంచి నన్ను కదపకండి" అని బావతో ఒకటికి రెండుసార్లు చెప్పింది కూడా.

కేరళలో 2008లోనే ఇలాంటి రోగుల కోసం ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది, పంచాయతీల తరఫున నర్సులు ఇళ్ళకు వెళ్తారు. అంత వెంటనే కాకపోయినా, ఇంటికి పంపే రోజున తెలుగులో ఒక్క కాగితం ఇవ్వడానికి ఏ ఆసుపత్రికైనా ఎంత ఖర్చవుతుంది? ఏది కనిపిస్తే వెంటనే రావాలి, ఏది కనిపిస్తే రానక్కర్లేదు, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఏది. ఈ మూడూ చాలు.

మీరు కూడా ఈ అక్టోబరు పేజీలో ఒక అరపేజీ దీనికి ఇవ్వండి. వీళ్ళకి వాళ్ళకి చెప్పి రాయించడం కష్టమైతే నర్సమ్మ చెబుతానంది, నేను రాసి పంపుతాను.

— ఒక చెల్లెలు, గోపాలపట్నం, విశాఖపట్నం